సైనైడ్ గుట్ట మీది పురుగు

నేను పేరు పెట్టిన పురుగు ఒకే ఒక్కటి ఉంది. అది కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్‌లో మా ఇంటి వెనక, సైనైడ్ గుట్ట వాలులో దొరికింది. దాన్ని పట్టిన రోజు మా నాయన గుట్ట కింద ఒక బండ మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుంటూ నన్నే చూస్తున్నాడు.

గుట్ట అంటే బయటివాళ్ళు కొండ అనుకుంటారు. మా దగ్గర అది కొండ కాదు. గని లోపలి నుంచి తెచ్చిన రాయిని మిల్లులో పిండి చేసి, సైనైడ్ కలిపిన నీళ్ళతో బంగారం లాగేసుకున్నాక మిగిలిన పిండిని తరాల తరబడి ఊరి పక్కనే పోస్తూ వచ్చారు. అది గట్టిపడి, వానలకు చీలికలు పడి, బూడిదరంగు గుట్టలైంది. గనులు మూసేశాక వాటిని పట్టించుకునేవాళ్ళు లేరు. ఎండాకాలంలో గాలి లేస్తే ఆ పిండి, గని కూలీలకు వరసగా కట్టిన మా లైన్ ఇళ్ళ మీదికి వచ్చేది. తీగ మీద ఆరేసిన బట్టల్లో, మూత పెట్టని అన్నంలో, పడుకునే చాప మీద అంతా అదే. అమ్మ ఎన్నిసార్లు ఊడ్చినా కాసేపటికే గడప దగ్గర మళ్ళీ తెల్లటి చార కనబడేది.

నాయన గనిలో డ్రిల్లర్. రాతికి తూట్లు వేసే మిషను పట్టుకుని వయసంతా అండర్‌గ్రౌండ్‌లోనే గడిపాడు. గని మూసేనాటికి ఆయనది ఇంకా పని చేయగల వయసే, కానీ చేసేంత ఊపిరి లేదు. చర్చి మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగేవాడు. గట్టిగా నవ్వితే దగ్గు వచ్చేది, అందుకని నవ్వడం తగ్గించుకున్నాడు. మా లైన్లలో దాన్ని దుమ్ము జబ్బు అనేవాళ్ళు. ఒక డాక్టరు టీబీ అని నెలల తరబడి మాత్రలు మింగించాడు. ఇంకొకాయన ఉబ్బసం అన్నాడు. చాలా ఏళ్ళకు, కోలారులో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చూసి, సిలికోసిస్ అని చెప్పింది. "దీనికి మందు లేదప్పా" అని కూడా చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన ఆ పేరును రెండు మూడుసార్లు తనలో తను పలికి చూసుకున్నాడు. మందు లేదన్న మాట కంటే, ఇన్నాళ్ళకు సరైన పేరు దొరికిందన్న సంగతే ఆయన మనసులో నిలిచినట్టు నాకనిపించింది.

నేనప్పుడు బెంగళూరులో వ్యవసాయ కళాశాలలో కీటకాల మీద పరిశోధన చేస్తున్నాను. పొద్దున్నే రైలెక్కి పోయి, చీకటి పడ్డాక రైల్లోనే తిరిగి వచ్చేదాన్ని. ఆ రైల్లో మా లైన్ల జనమే సగం ఉండేవాళ్ళు. గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, పెయింటర్లు, ఆస్పత్రుల్లో ఆయాలు. కూర్చునే చోటు కోసం రోజూ పోట్లాట. గనిలోకి దిగే షిఫ్టు పోయి మా ఊరికి రైలెక్కే షిఫ్టు వచ్చింది.

నా పని ఆకుల రసం పీల్చి బతికే ఒక తెగ చిన్న పురుగుల మీద. పంటను బట్టి వాటిని రైతులు పచ్చదోమ అంటారు, మామిడి మీదైతే తేనెమంచు పురుగు అంటారు, మా జిల్లాలో కన్నడం కలిపి జిగిహుళు అంటారు. నిజానికి అవి దోమలు కావు. బియ్యపు గింజంత పొడుగు, ముందు వెడల్పుగా వెనక సన్నగా, మేకు కొట్టినట్టు ఆకుకు అంటుకుని ఉంటాయి. మనిషి నీడ పడితే చాలు, పక్కకు జరిగి ఎగిరి దూకుతాయి. వెనక కాళ్ళ మీద ముళ్ళ వరస ఉంటుంది. మా సారు, అంటే నా పరిశోధనకు గైడు, నాకు కోలారు జిల్లాను అప్పగించాడు. "నీ ఊరే కదా, బస్సులు తెలుసు, భాషలు తెలుసు" అన్నాడు. మామిడి తోటల్లో, రాగి చేలల్లో, మల్బరీ తోటల్లో వల ఊపి దొరికినవన్నీ తెచ్చి పేర్లు గుర్తించడం నా పని.

గుట్ట మీదికి పోవడం ఆ పనిలో లేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వానలు పడిన కొత్తలో, గుట్ట వాలులో చీలికల వెంట మొలిచిన మొరటు గడ్డిని చూసి, ఊరికే ఒకసారి వల ఊపుదామనిపించింది. నాయన తనూ వస్తానన్నాడు. అమ్మ వద్దంది. "సుమ్నే, ఊరికే కూర్చోని ఉంటాలే" అని ఆయన చేతికర్ర తీసుకుని బయల్దేరాడు. దావలో రెండు చోట్ల ఆగాడు.

మేము పురుగుల్ని పట్టేది ఒక గొట్టంతో. చిన్న సీసాకు రెండు రబ్బరు గొట్టాలు ఉంటాయి. ఒకటి నోట్లో పెట్టుకుని పీలిస్తే, రెండో గొట్టం లోంచి పురుగు సీసాలో పడుతుంది. నోటి వైపు గొట్టానికి సన్నని జాలీ కట్టి ఉంటుంది కాబట్టి పురుగు నోట్లోకి రాదు. నేను వలలో తల దూర్చి, గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాను. వల నిండా గడ్డి పొట్టుతో పాటు గుట్ట దుమ్ము కూడా ఉంది. అది నాలుక మీద ఉప్పగా, గరగరగా తగిలింది. అలవాటైన రుచే కాబట్టి పట్టించుకోలేదు.

ఉన్నట్టుండి వెనక దగ్గు వినబడింది. తిరిగి చూస్తే నాయన వాలు ఎక్కి వస్తున్నాడు. అంతకుముందు ఏడాదిగా ఆయన ఎత్తు ఎక్కడం నేను చూడలేదు. వచ్చీ రాగానే గొట్టం పట్టుకుని నా నోట్లోంచి లాగేశాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఏం చేస్తాండావు పాపా?"

"పురుగులు పడతాండాను నాయనా."

"నోట్లో ఏంటికి పెట్టుకుండేది?"

"పీలిస్తే పురుగు సీసాలోకి వస్తాది. నోట్లోకి రాదు. మధ్యలో జాలీ ఉండాది, చూడు."

ఆయన జాలీని వేలితో తడిమి చూశాడు. "పురుగు రాదు, సరే. దుమ్ము?"

నేను వల మూతి ముడిచి పట్టుకున్నాను.

"దుమ్ము రాదా ఇందులో? చెప్పు, చదువుకున్నావు కదా."

"వస్తాది కొంచెం."

"కొంచెం" అని ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. "మాకూ కొంచెమే అనే చెప్పినారు. గుడ్డ కట్టుకోండప్పా, ఏమీ కాదన్నారు. కట్టుకున్నాము. షిఫ్టు అయినాక గుడ్డ ఇప్పి చూస్తే లోపల పక్క కూడా తెల్లగా ఉండేది. దాన్నే ఉతుక్కోని మళ్ళా కట్టుకుంటా ఉంటిమి." ఊపిరి తీసుకుని, "ఇంగ ఈ గుట్ట మీద ఆ గొట్టం నోట్లో పెట్టుకోవద్దు. మీ సారు అడిగితే మా నాయన వద్దన్నాడని చెప్పు" అన్నాడు.

ఆయనను కిందికి దించడం పెద్ద పనైంది. నా భుజం పట్టుకుని ఒక్కొక్క అడుగే వేశాడు. ఆ రోజు నుంచి గుట్ట మీద నేను గొట్టం వాడలేదు. వలను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పురుగు కనబడిన చోట చిన్న సీసా బోర్లించి పట్టేదాన్ని. అలా పడితే పదింట్లో ఎనిమిది ఎగిరిపోతాయి. అందుకే ఆ గుట్ట నుంచి నాకు దొరికిన పురుగులు చాలా కొద్ది. అవి కూడా ఎక్కువ ఆడవే.

కళాశాలలో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాక అవి నాకు తెలిసినవాటిలో దేనితోనూ కలవలేదు. బూడిదరంగు ఒళ్ళు, రెక్కల అంచున పసుపు గీత, తల మీద పక్కపక్కనే రెండు గోధుమ మచ్చలు. రంగును నమ్మకూడదని మాకు మొదటే నేర్పుతారు. ఎండకు, వయసుకు, ఆకుకు రంగు మారిపోతుంది. ఈ పురుగుల్లో ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరుచేసి చెప్పేది మగపురుగు జననాంగం ఒక్కటే. మగది ఉంటే తప్ప ఏ మాటా చెప్పడానికి లేదు.

నా దగ్గర ఒకే ఒక్క మగది ఉంది. దాని పొట్ట చివరి భాగాన్ని సన్నటి సూదులతో వేరుచేసి, కాస్టిక్ పొటాష్ నీళ్ళలో వేడి చేయాలి. కండ అంతా కరిగిపోయి గట్టి పెంకు మాత్రం మిగులుతుంది. అప్పుడు దాన్ని గ్లిజరిన్ చుక్కలో పెట్టి, అటూ ఇటూ తిప్పి బొమ్మ గీయాలి. చెయ్యి వణికితే అంతా పోతుంది. ఆ పని చేసే రోజు నేను కాఫీ తాగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. వేడి నీళ్ళలోంచి తీసి గ్లిజరిన్‌లో వేసి చూస్తే, ఆ చిన్న అవయవం చివర రెండుగా చీలి, రెండు కొనలూ వెనక్కి కొక్కేల్లా వంగి ఉన్నాయి. అలాంటిది ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

సారును పిలిచాను. ఆయన చాలాసేపు చూశాడు. ఫోకస్ తిప్పి మళ్ళీ చూశాడు. లేచి నిలబడి, "ఎక్కడిది?" అన్నాడు.

"చాంపియన్ రీఫ్స్. సైనైడ్ గుట్ట."

"గుట్ట మీద పురుగా?" అని ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇది కొత్తదే అనిపిస్తోంది. కానీ అనిపిస్తే చాలదు. ఇంకా మగవి కావాలి. వేరే చోట్ల కూడా వెతుకు."

కొత్తదని తేల్చడానికి ఏడాది పైన పట్టింది. ఇదివరకు రాసిన వర్ణనలన్నీ తెప్పించుకుని, వాటి బొమ్మల పక్కన మా బొమ్మ పెట్టి చూడాలి. కొన్ని వర్ణనల్లో బొమ్మే లేదు, నాలుగు వాక్యాలు రాసి వదిలేశారు. వేరే మ్యూజియాల నుంచి పాత నమూనాలు తెప్పించి చూశాం. ఏదీ ఇది కాదు.

ఆ ఏడాదంతా నాయన దిగజారుతూ వచ్చాడు. ముందు వీధి చివరి దాకా పోయి వచ్చేవాడు, తర్వాత వాకిలి దాకా, ఆ తర్వాత మంచం మీది నుంచి కుర్చీ దాకా. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి, స్టూలు మీద దిండు వేసుకుని, దాని మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చునేవాడు. ఆక్సిజన్ సిలిండర్ అద్దెకు తెచ్చాం. అమ్మ దాని మీద పాత చీర కప్పేది, దుమ్ము పడకుండా.

గుట్ట మీద ఇంకో మగది పడలేదు. సెలవు దొరికినప్పుడల్లా నేను అదే గడ్డి కోసం జిల్లా అంతా తిరిగాను. గడ్డి అరుదైనదేమీ కాదు. ముళబాగిలు దగ్గర రోడ్డు పక్కన, లారీలు ఆగే హోటళ్ళ వెనక, చెరువు కట్టల మీద అంతటా ఉంది. గొట్టంతో పీల్చి వందల పురుగులు పట్టాను. మా గుట్ట మీది పురుగు ఒక్కటీ లేదు. నంగలి దగ్గర ఒక మామిడి తోట అంచున వల ఊపుతుంటే ఒక రైతు వచ్చాడు. భుజాన మందు కొట్టే పంపు ఉంది.

"యాడోళ్ళమ్మా మీరు?"

చెప్పాను. కొత్త జాతి పురుగు ఒకటి దొరికిందని, అది ఇక్కడ కూడా ఉందేమో చూస్తున్నానని చెప్పాను.

"కొత్తదా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. పంపు దించి, ఒక కొమ్మ వంచి చూపించాడు. పూత అంతా నల్లబడి, జిగటగా, మసి పట్టినట్టు ఉంది. "ఇది పాత జిగిహుళు. మూడు తూర్లు మందు కొట్టినాను. మూడు తూర్లూ పోలేదు. ఈసారి కాయ లేదు. మీరు ఇంగ కొత్తవి ఏంటికమ్మా కనిపెట్టేది? ఉండేటివి చచ్చే దావ చెప్పండి."

నాకు తెలిసిన మందు పేరు చెప్పాను. అదే కొట్టానన్నాడు. ఏ వేళలో కొట్టాలో, కొమ్మల్ని ఎంత పలచన చెయ్యాలో చెప్పాను. వచ్చే ఏటి మాట అది, ఈ ఏటికి చేసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన పంపు మళ్ళీ భుజానికెత్తుకుని, "పని చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు తిరుగు బస్సులో నాకు నా పని మీద చాలా విరక్తి పుట్టింది.

ఇంటికి రాగానే నాయన, "దొరికిందా?" అన్నాడు. నేను దేనికోసం తిరుగుతున్నానో ఆయనకు తెలుసు. దొరకలేదన్నాను.

"ఒక తూరి నాకు చూపీలేదే ఆ పురుగును" అన్నాడు.

మరుసటి వారం కళాశాల నుంచి ఒక ఆడపురుగును, సన్నటి అట్టముక్క మొనకు అంటించి సూదికి గుచ్చినదాన్ని, డబ్బాలో పెట్టుకుని తెచ్చాను. వాకిలి వెలుతురులో భూతద్దం పట్టుకుని చూపించాను. ఆయన ఊపిరికి అద్దం మసకబారేది. తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని. చాలాసేపు చూశాడు.

"కాళ్ళకు రంపం ఉండాదే" అన్నాడు. కాసేపటికి, "ఏం తింటాది?"

"గుట్ట మీద మొలిచే ఆ కసువు రసమే నాయనా."

"ఆ కసువు యాడ నీళ్ళు తాగతాది? ఆ గుట్ట నీళ్ళే కదా. అందులో అంతా సైనైడ్ మందే. అయినా బతికింది చూడు." ఇంకా చూస్తూనే అడిగాడు, "ఎన్నేళ్ళు బతకతాది?"

"ఏళ్ళు కాదు నాయనా. కొన్ని వారాలు."

"మంచిదే" అన్నాడు ఆయన. "శానా దినాలు పీల్చే పని లేదు."

అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది. ఆ మాటతో గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె బయటికి రాలేదు.

కొత్త జాతి అని చెప్పే వ్యాసం రాయడానికి కూర్చున్నాను. అందులో ప్రతి మాటకూ ఒక పద్ధతి ఉంటుంది. తల వెడల్పు దాని పొడుగుకు ఎన్ని రెట్లు, కళ్ళ మధ్య ఎంత దూరం, రెక్కలో నరాలు ఎక్కడ కలుస్తాయి, ముళ్ళు ఎన్ని వరసలు. "బహుశా" అన్న మాట రాయకూడదు. ఒక పురుగును ఎంచి, ఈ జాతికి ఇదే ప్రమాణం అని చెప్పాలి. దాన్నే హోలోటైప్ అంటారు. మాకున్నది ఒక్క మగదే కాబట్టి ఎంచే పని లేకపోయింది. పేరు విషయంలో సారు, దొరికిన చోటును బట్టి పెడదామన్నాడు. నాకూ అదే నచ్చింది. ఇలా మా ఊరి పేరు లాటిన్ తోకతో ఆ పురుగుకు తగులుకుంది. వ్యాసం ఒక పత్రికకు పంపాం.

నాయన ఆ ఎండాకాలంలోనే పోయాడు. పొద్దుటి నుంచే గాలి లేచింది. గుట్ట వైపు ఆకాశం తెల్లగా అయిపోయింది. అమ్మ, నేను చీరలు తడిపి కిటికీలకు కట్టాం. కాసేపటికి అవి ఆరి, బూడిద పట్టి, అట్టల్లా గట్టిపడితే మళ్ళీ తడిపి కట్టాం. నాయన స్టూలు మీద వంగి కూర్చుని ఉన్నాడు. సిలిండర్ నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం అమ్మ గంజి కలిపి తెచ్చి భుజం తట్టింది. ఆయన లేవలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. అమ్మ గిన్నె కింద పెట్టి, ముందు సిలిండర్ ఆపింది. తర్వాతే ఏడ్చింది.

మరణ పత్రంలో చావుకు కారణం అన్న చోట డాక్టరు, శ్వాస ఆగిపోవడం అని రాశాడు. బియ్యపు గింజంత పురుగు గురించి నేను పేజీలకు పేజీలు రాశాను, ప్రతి ముల్లుకూ లెక్క చెప్పాను. మా నాయనకు వచ్చింది ఒక్క ముక్క. అది అబద్ధం కాదు, కానీ అందులో ఏమీ లేదు. నేను ఆ డాక్టరుతో గొడవపడ్డాను. సిలికోసిస్ అని రాయమన్నాను, కోలారు ఫిల్ము చూపించాను. "చనిపోయాక దాంతో ఏం పని తల్లీ" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

సమాధి తోటకు మా ఇంటి నుంచి పెద్ద దూరం లేదు. పెట్టెను మోయడానికి నాయనతో షిఫ్టులో దిగినవాళ్ళే ముందుకొచ్చారు. వయసువాళ్ళంతా పొద్దుటి రైలుకు బెంగళూరు పోయి ఉన్నారు. ముసలివాళ్ళు ఎత్తుకుని కొంచెం దూరం పోగానే ఒకాయన ఆగమన్నాడు. పెట్టెను రోడ్డు మీద దించి, అందరూ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని వంగి నిలబడ్డారు. ఒకళ్ళ దగ్గు ఒకళ్ళకు అంటుకుంది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ దించారు. పాస్టరు ప్రతిసారీ పాట ఆపి, వాళ్ళు లేచాక మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి ఆడవాళ్ళం కొందరం చేతులు వేశాం. అది మా దగ్గర పద్ధతి కాదు. ముసలివాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు.

పత్రిక నుంచి జవాబు వానాకాలం మొదట్లో వచ్చింది. కొత్త జాతే అనడానికి అభ్యంతరం లేదు, కానీ ఒక్క మగపురుగు మీద ఆధారపడడం బాగాలేదు, వీలైతే అదే చోటు నుంచి ఇంకొన్ని తెచ్చి పోల్చి చూపమని రాశారు. న్యాయమైన మాటే. వలా సీసాలూ తీసుకుని గుట్టకు పోయాను.

వాలు లేదు. అంటే, గుట్ట ఉంది గానీ, మా ఇంటి వైపు సగం తవ్వేసి ఉంది. గడ్డి మొలిచే చీలికల చోట నిలువుగా కోసిన గోడ ఉంది. జేసీబీ ఒకటి కొరుకుతూ ఉంది, టిప్పర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఆ మన్ను ఎక్కడికి పోతోందో, ఎవరు తీసుకుపోతున్నారో మా లైన్లలో తలా ఒక మాట చెప్పారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను చూసి ఒక టిప్పర్ డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమ్మా, యాడికి? ఇంగ ఆ పక్క పోకూడదు, మన్ను జారతాది."

"ఇక్కడ కసువు ఉండె. దానికోసం వచ్చినాను."

"కసువా? ఆవులకా?"

"పురుగులకు."

అతను నన్ను పరీక్షగా చూశాడు. తర్వాత నాయన పేరు చెప్పి, ఆయన బిడ్డవు కదా అన్నాడు. అతనిదీ మా లైన్లే, రెండు వీధుల అవతల. అతని నాయన కూడా డ్రిల్లరే, గని మూయకముందే పోయాడు.

"మా నాయన లోపలనుంచి బయటికి తీసినాడు, నేను ఈడనుంచి లారీలో ఎక్కిస్తాండాను" అన్నాడు. "మన్నును మోసేదానికి మేమే ఉండాము, లేకుంటే అది యాడికీ పోదు." మూతికి కర్చీఫు కట్టుకుని ఉన్నాడు. మాట్లాడడానికి దాన్ని కిందికి లాగాడు, మాట అయ్యాక పైకి లాక్కున్నాడు. కర్చీఫు చాలదని చెప్పబోయాను. అప్పటికే ముందు లారీ కదిలింది, అతనూ కదిలించాడు.

తవ్వని వైపున గడ్డి కొంచెం ఉంది. సాయంత్రం దాకా వల ఊపాను. సాలీళ్ళు, మిడతపిల్లలు, రాగి చేలల్లో దొరికే మామూలు పురుగులు పడ్డాయి. మరుసటి ఆదివారం మిగతా గుట్టలన్నీ తిరిగాను. ఆ పక్కనున్న వేరే గనుల గుట్టల మీదికి కూడా పోయాను. గడ్డి ఉంది, మా పురుగు లేదు. సారు కూడా ఒకసారి వచ్చి తిరిగాడు. ఆయనకు గుట్ట ఎక్కుతుంటే కళ్ళలో నీళ్ళు కారాయి, దుమ్ముకు.

"అంతరించింది అని రాద్దామా?" అని అడిగాను.

"అలా రాయకూడదు. దొరకలేదు అని రాయి. మనకు తెలిసింది అంతే."

అలాగే రాశాం. పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ ఒక్క మగపురుగే ప్రమాణంగా, దాని పొట్ట ముక్క గ్లిజరిన్ సీసాలో, మిగతా ఒళ్ళు సూదికి, బెంగళూరులో ఒక మ్యూజియం అరలో ఉంది.

వ్యాసం అచ్చయి వచ్చిన రోజు అమ్మ దాన్ని చదివి వినిపించమంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. తల పసుపు కలిసిన బూడిదరంగు. కళ్ళు నల్లవి. వెనక కాళ్ళ ముళ్ళు లేతరంగు. అమ్మ కూర తరుగుతూ మొదటి నుంచి చివరి దాకా విన్నది. జననాంగం దగ్గర నేను తడబడితే, "చెప్పు, ఏమైంది ఇప్పుడు" అంది. దొరికిన చోటు చదివాక కత్తిపీట పక్కకు పెట్టింది.

"ఆ పొద్దు మీ నాయన కూడా వచ్చినాడని రాసినావా?"

"లేదమ్మా. అట్ల రాసేదానికి చోటు ఉండదు."

"అవునులే" అంది. చేతులు కడుక్కుని వచ్చి, పేజీ మీది బొమ్మను చాలాసేపు చూసింది. "బాగా గీసినావు" అంది.

ఆ చలికాలం అమ్మకు దగ్గు పట్టింది. మందులకు తగ్గలేదు. కోలారు తీసుకుపోయాను. అదే డాక్టరమ్మ. ఫిల్ము కిటికీకి పెట్టి చూసి, "మీరు గనిలో పని చేసినారా అమ్మా?" అని అడిగింది.

"ఆడోళ్ళను లోపలికి యాడ దించినారు? నేను ఇంట్లోనే ఉంటిని" అంది అమ్మ. కొంచెం ఆలోచించి, "గనిలోనుంచి వచ్చినాక ఆయప్ప గుడ్డలు ఉతికినాను" అంది. "ఉతికేముందు బాగా దులిపేదాన్ని. లేకుంటే నీళ్ళు శానా పడతాయి కదా."

డాక్టరమ్మ కాగితం మీద రాసింది. ఈసారి నేను ఆ కాగితం తీసుకుని, గది బయటికి రాకముందే చదివాను. సరిగ్గానే రాసింది.

బెంగళూరులో అద్దె ఇల్లు తీసుకుని అమ్మను అక్కడికి తెచ్చుకున్నాను. మొదట్లో కిటికీ తెరిస్తే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు తనే తెరుస్తుంది, దాని పక్కనే ఎక్కువసేపు కూర్చుంటుంది. ఏటా వానలు మొదలవగానే నేను ఒక రోజు పోయి గుట్టల మీద వల ఊపి వస్తాను. పోయే ముందు అమ్మ మాస్కు కట్టుకున్నానో లేదో చూస్తుంది. పోయినేడు కూడా పోయి వచ్చాను. గడ్డి ఏపుగా ఉంది. పురుగు దొరకలేదు.